పర్లాకిమిడి కొమ్ము, బరంపురం పట్టు, తునికి చేవ: మడత చాకు పిడికి ఏవి నిలుస్తాయి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారమండి. మా ఊరి కొమ్ముపని మీలో చాలామంది చూసే ఉంటారు. దున్న, ఆవు కొమ్ములతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. ఆ పని చేసే ఇళ్ల పక్కనే పెరిగాను.

జేబులో పెట్టుకునే మడత చాకు ఒకటి సొంతంగా చేయాలని ఉంది. పిడికి బజార్లో దొరికే ప్లాస్టిక్ పలక వద్దు, మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ప్రాంతంలో పుట్టిన వస్తువే వాడాలి. పర్లాకిమిడి కొమ్ము, బరంపురం పట్టు, కొబ్బరి చిప్ప, తునికి చేవ అనుకుంటున్నాను. వంటింటి కత్తులకు పిడులు వేసిన అనుభవం ఉంది. మడత చాకు ఇదే మొదలు. వానాకాలంలో మా ఇళ్లలో తలుపులే ఉబ్బి బిగుసుకుపోతాయి, వేసవిలో మళ్లీ సందులు పడతాయి. ఆ మార్పును వీటిలో ఏది తట్టుకుంటుంది?

కొమ్ముబొమ్మలు కొనేవాళ్లు తగ్గిపోతున్నారని మా వీధిలో వింటూనే ఉంటాను. మనిషి రోజూ చేతిలోకి తీసుకునే వస్తువు ఒకటి ఆ కొమ్ముతో తయారుకావాలని నాకు గట్టిగా ఉంది. అందుకే అడుగుతున్నాను.

గుణుపురం ఫిట్టర్

బాబూ, ఆలోచన బాగుంది. కానీ పిడి దగ్గర మొదలుపెట్టావు. అది చివర రావాల్సిన మాట.

మడత చాకులో కదిలేవి రెండే, బ్లేడూ దాని వెనక స్ప్రింగూ. స్ప్రింగు ముక్కు ఎప్పుడూ బ్లేడు తోక మీద, అంటే పిడి లోపల ఉండే దాని వెనక భాగం మీద, నొక్కుతూ ఉంటుంది. చాకు పూర్తిగా తెరిచినప్పుడు, సగం మడిచినప్పుడు, మూసినప్పుడు ఆ మూడు చోట్లా స్ప్రింగు వీపు పిడి వీపుతో సమంగా రావాలి. బొటనవేలితో తడిమితే మెట్టు తగలకూడదు. దీన్ని సాధించడానికే పనిలో సగం కాలం పోతుంది. తోక మీద ఆకురాయితో ఒక్క గీటు ఎక్కువ గీస్తే బ్లేడు మూసినప్పుడు దాని మొన స్ప్రింగుకు తగులుతుంది, గీటు తక్కువైతే పిడిలోంచి బయటికి తొంగి చూస్తుంది.

ఈ బరువంతా మోసేవి రెండు వైపులా ఉండే లైనర్ రేకులు. ఇత్తడి అయితే 1 మి.మీ. మందం చాలు. బ్లేడు తిరిగే ఇరుసు, అంటే పివట్ పిన్ను, దాని బలం రేకు మీద పడాలి, పిడి పలక మీద పడకూడదు. అప్పుడు బయట కొమ్ము పెట్టినా పట్టు పెట్టినా, అది వానకు ఉబ్బినా ఎండకు కుంగినా బ్లేడు ఆట మారదు. రేకు లేకుండా వట్టి చెక్కలో బ్లేడు తిరిగేలా చేస్తే ఏమవుతుందో ఫ్రాన్స్‌వాళ్ల ఒపినెల్ చాకు చూస్తే తెలుస్తుంది. 1890లో మొదలైన చాకు అది. ఇప్పటికీ లక్షల మంది ఇష్టంగా వాడతారు. పిడి ఒకే చెక్క ముక్క, లైనర్ లేదు. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, గోటితో లాగినా రాదు. వాళ్ల చలి దేశంలోనే అలా ఉంటే గంజాం, గజపతి జిల్లాల వానల్లో చెప్పాలా?

కాబట్టి నా సలహా, ముందు రేకులు, బ్లేడు, స్ప్రింగు, మూడు పిన్నులతో ఒట్టి చాకు తయారుచెయ్యి. అది సరిగా పలికిన తర్వాత పలకల సంగతి చూద్దాం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఫిట్టర్ గారూ, ధన్యవాదాలు. పలకడం అంటే స్ప్రింగు టక్కుమని కొట్టే చప్పుడేనా?

గుణుపురం ఫిట్టర్

అదే. తెరిచినప్పుడు ఒక చప్పుడు, మూసినప్పుడు ఒక చప్పుడు, రెండూ తేటగా వినపడాలి. దానికి స్ప్రింగును ముందే కాస్త వంపుతో బిగించాలి. విడిగా పెట్టి చూసినప్పుడు స్ప్రింగు ముక్కు ఉండాల్సిన చోటుకన్నా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు లోపలికి దిగేలా పిన్ను రంధ్రాలు వేస్తాం. తక్కువైతే బ్లేడు వదులుగా వేలాడుతుంది. ఎక్కువైతే గోరు విరుగుతుంది, చివరికి స్ప్రింగే విరుగుతుంది.

ఉక్కు కోసే ముందు అట్టముక్క మీద గీసి కత్తిరించు. ఆ తర్వాత పలుచని యాక్రిలిక్ షీటుతో అదే చాకు చేసి, చెక్కబల్ల మీద పిన్నులు గుచ్చి తిప్పి చూడు. తప్పులన్నీ అక్కడే బయటపడతాయి.

కొలిమి కొరాపుట్

ఉక్కు గురించి నేను చెబుతాను. మన వైపు కొత్త స్టీలు పట్టీ కొనాలంటే విశాఖపట్నమో, ఆన్‌లైనో. కానీ మంచి ఉక్కు మిల్లుల తుక్కులోనే ఉంది.

బ్లేడుకు బేరింగ్ రింగు ఉక్కు. మన దేశంలో ఈఎన్ 31 అని పిలిచేది ఇదే. సుమారు 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం. రైస్ మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో అరిగిపోయిన పెద్ద బాల్ బేరింగులు తూకానికి దొరుకుతాయి. అయితే ఒక జాగ్రత్త. కొన్ని పెద్ద రోలర్ బేరింగుల రింగులకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపల కార్బన్ తక్కువ. అది బ్లేడుకు పనికిరాదు. అందుకని ముందు చిన్న ముక్క కోసి ఎర్రగా కాల్చి నూనెలో ముంచండి. తర్వాత వైసులో పెట్టి సుత్తితో విరగ్గొట్టండి. గాజులా టక్కున విరిగి, విరిగినచోట మెత్తటి బూడిదరంగు రేణువులు కనిపిస్తే మంచి ఉక్కు. వంగిపోతే పక్కన పడేయండి.

రింగును కొలిమిలో నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, దాగలి మీద సాగదీసి పట్టీ చేయండి. తర్వాత ఊక బూడిదలో కప్పిపెట్టి రాత్రంతా వదిలేస్తే ఆకురాయికి లొంగేంత మెత్తబడుతుంది. ఊక బూడిద మనకు మిల్లు దగ్గర ఊరికే దొరికేది. వేడిని పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు.

గట్టిపరిచేటప్పుడు 840 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు నిలపాలి. వేడి కొలిచే థర్మోకపుల్ లేకపోతే అయస్కాంతం పెట్టుకోండి. ఉక్కు 770 దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి మరి కాస్త పైకి, ఎరుపు ఇంకొంచెం తేలేదాకా వెళ్లాలి. 50, 60 డిగ్రీలకు వేడిచేసిన వంటనూనెలో ముంచండి. నీళ్లలో ముంచితే చిట్లుతుంది. ఆ తర్వాత ఓటీజీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు. మా తాతల భాషలో చెప్పాలంటే పాయనం పెట్టడం. బ్లేడు లేత పసుపు రంగుకు తిరిగితే గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 60కి దగ్గరలో ఉన్నట్టే.

స్ప్రింగుకు మాత్రం ఈ లెక్క వద్దు. లారీ కమాన్ పట్టీ ఉక్కు తీసుకోండి, ఎక్కువగా సిలికాన్ ఉండే ఈఎన్ 45 రకం అది. పట్టీని పలచగా కొట్టి, గట్టిపరిచి, నీలం రంగు దాటేదాకా, 300 డిగ్రీల పైన పాయనం పెట్టండి. బ్లేడు గట్టిగా ఉండాలి, స్ప్రింగు వంగి తిరిగి లేవాలి. బ్లేడుకు పెట్టినంత గట్టిదనమే స్ప్రింగుకూ పెడితే అది విరిగేది ఖాయం.

బరంపురం పట్టు

తమ్ముడూ, పట్టు పేరు చూసి వచ్చాను. మాది బరంపురంలో నేత ఇల్లు. చిరిగిపోయిన చీరలతో మైకార్టా పలకలు చేస్తుంటాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. గుడ్డ పొరలను రెజిన్‌లో తడిపి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నొక్కి గట్టిపరిచిన పలకే మైకార్టా. 1910 ప్రాంతంలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీవాళ్లు కరెంటు సామాన్లకు దీన్ని తయారుచేశారు. కత్తి పిడులకు తర్వాత వచ్చింది.

పట్టుచీరతో ఇది చేస్తామంటే చాలామంది చీర మెరుపు అలాగే పలకలో కనిపిస్తుందని ఆశపడతారు. అలా రాదు. రెజిన్ పీల్చుకోగానే పట్టు రంగు బాగా ముదురుతుంది. ఎర్రచీర దాదాపు మెరూన్ అవుతుంది, పసుపు తేనె రంగుకు దిగుతుంది. మన ఫోడా కుంభ అంచు బొమ్మ కూడా ఉన్నదున్నట్టు నిలవదు. పిడిని గుండ్రంగా తీసేసరికి పై పొరలు పోయి, కింది పొరలు వంపు వెంట గీతలు గీతలుగా తేలతాయి. నాకైతే ఆ గీతలే ఇష్టం. ఒక అంచు ఎరుపు, దాని కింద నలుపు, మళ్లీ ఎరుపు పేర్చితే పిడి వంపు తిరిగిన ప్రతిచోటా కొత్త బొమ్మ వస్తుంది. నేతలో లేని బొమ్మ అది, అయినా నేతలోంచే పుట్టింది.

చేసే పద్ధతి: గుడ్డలో గంజి ఉంటే రెజిన్ లోపలికి దిగదు. వేడినీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. తేమ మిగిలితే పలకలో తెల్లటి మబ్బులు కనిపిస్తాయి. రంగు దిగే చీర అయితే ముందే రెండు మూడుసార్లు నానబెట్టి కడగాలి. ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు వద్దే వద్దు. అన్ని పొరలు తడిపేలోపే అది గడ్డకడుతుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ తీసుకుని, పాలిథిన్ చుట్టిన రెండు చదును పలకల మధ్య పెట్టి క్లాంపులతో బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. రెజిన్ మొత్తం బయటికి కారిపోయేంత బిగించకూడదు, పొరల మధ్య ఎండిపోయి తర్వాత విడిపోతుంది. పట్టు చాలా పలచన. జీన్స్ గుడ్డ 10 పొరలతో వచ్చే మందానికి పట్టు రెండు మూడు రెట్లు పొరలు పడుతుంది. మధ్యలో నూలు గుడ్డ పెట్టి, బయటివైపు పట్టు పేర్చుకుంటే చీరా మిగులుతుంది, పలకా గట్టిగా ఉంటుంది.

జరీ సంగతి. రాగి తీగ మీద వెండి పూత ఉన్న పాత జరీ అయితే బాగుంటుంది, రుద్దితే సన్నటి రాగి చుక్కలు తేలతాయి. ప్లాస్టిక్ జరీకి రెజిన్ అంటుకోదు, అక్కడ పొర ఊడుతుంది. దారం కొస కాల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అక్కా, వానాకాలంలో ఎపాక్సీ పైన జిడ్డులాంటి పొర వస్తుంది కదా, దానికి ఏం చేస్తారు?

బరంపురం పట్టు

గాలిలో తేమ ఎక్కువైతే వస్తుంది తమ్ముడూ. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. రుద్దకుండా దానిమీదే మళ్లీ జిగురు పూస్తే మాత్రం అంటదు. నేను పలకలన్నీ మాఘ, ఫాల్గుణాల్లోనే పోసుకుంటాను. ఆషాఢ శ్రావణాల్లో ముట్టుకోను.

సిరొంచ తునికి

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నా. మాకు ప్రాణహిత దాటితే తెలంగాణే. వేసవి వస్తే ఇక్కడ తునికాకు సేకరణ పెద్ద పని. బీడీ ఆకు తెలియనివాళ్లు లేరు గానీ ఆ చెట్టు చేవ ఎంత అందమో తెలిసినవాళ్లు తక్కువ. ముదురు చెట్లలోనే నడిమధ్యన నల్లటి చేవ ఉంటుంది. కొన్నిట్లో గోధుమ చారలు కలుస్తాయి. లేత చెట్టు కోస్తే మొత్తం పాలిపోయిన తెల్లచెక్కే వస్తుంది.

చాలా బరువైన చెక్క. పాలిష్ పెట్టకపోయినా మెరుస్తుంది. దీని గుణం ఒకటి ముందే తెలిసి ఉండాలి. ఆరేటప్పుడు పగుళ్లు ఇస్తుంది. ముక్క కోయగానే రెండు కొసలకు మైనం పూసి, ఎండ తగలని చోట నెలల తరబడి ఆరనివ్వాలి. తొందరపడి పొయ్యి దగ్గర పెడితే కొసల నుంచి చీలుతుంది. బాగా ఆరిన తర్వాత మాత్రం పెద్దగా కదలదు. చాకు పలకకు 4 మి.మీ. మందం చాలు కాబట్టి ముందే పలచగా కోసి, పుల్లలు మధ్యలో పెట్టి పేర్చి ఆరబెట్టుకోండి, కాలం కలిసొస్తుంది.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అంటే, అడవిలోంచి కాదు. రంపపు మిల్లులో బిల్లు ఇచ్చి అమ్మే తుంపులు కొనండి. లేదా పాత ఇంటి దూలం, విరిగిన రోకలి, నాగలి మేడి అడగండి. చింత చేవ కూడా చూడండి. ముదురు చింతకు లోపల ఊదా కలిసిన గోధుమ రంగు చేవ ఉంటుంది. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా అభిప్రాయం.

రాయగడ కుర్రాడు

అన్నయ్యలూ, కణుజు కొమ్ము పెడితే ఎలా ఉంటుంది? విదేశీ చాకుల ఫొటోల్లో జింక కొమ్ము పిడులు భలే ఉంటాయి. మా చుట్టాల ఊళ్లో అడవిలో రాలిపోయిన కొమ్ములు దొరుకుతాయంటున్నారు.

ధర్మాబాద్ సాన

తమ్మీ, దాని జోలికి పోకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కణుజు, దుప్పి కొమ్ములు ఇంట్లో పెట్టుకోవడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. రాలిపోయినదా, చంపి తీసిందా అన్న తేడా అక్కడ నడవదు. ముళ్లపంది ముళ్లు, తాబేలు చిప్ప, ఏనుగు దంతం కూడా అంతే. విదేశీ ఫొటోల్లో కనిపించేవి వాళ్ల దేశపు జంతువులవి, వాళ్ల చట్టాలు వేరు. పెంపుడు దున్న, ఆవు, గొర్రె, మేక కొమ్ములతో ఏ చిక్కూ లేదు. గొర్రెపొట్టేలు కొమ్ముకు పైన వచ్చే గరుకు మడతలు కణుజు కొమ్ముకన్నా తక్కువేం కాదు, చేతికి పట్టు బాగా ఇస్తది. అది ప్రయత్నం చెయ్యి.

ఎర్రచందనం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. బిల్లు, పర్మిట్ లేని ముక్క అరచేతి అంతదైనా ముట్టుకోవద్దు.

రాయగడ కుర్రాడు

సరే అన్నా, మానేస్తున్నా. పొట్టేలు కొమ్ము ఎక్కడ దొరుకుతుందో తెలుసు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కొమ్ము గురించి మా పక్కింటి పెద్దాయన దగ్గర కూర్చుని అడిగి వచ్చాను. ఆయన చిన్నప్పటి నుంచి ఇదే పని. చెప్పినవి, ఆయన చేతిలో చూసినవి రాస్తున్నాను.

దున్నకొమ్ము మొదట్లో బోలుగా ఉంటుంది, లోపల ఎముక ఉంటుంది. కొస మాత్రం గట్టి ముద్ద. పలకలకు బోలు భాగం, చిన్న పిడి మొత్తంగా చెక్కడానికి కొస. బోలు భాగాన్ని నిలువునా కోసి, కొబ్బరినూనె రాసి నిప్పు సెగ మీద తిప్పుతూ వేడిచేస్తే మెత్తబడి వంగుతుంది. వేడి తగ్గకముందే రెండు పలకల మధ్య పెట్టి బరువు వేయాలి. పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. మళ్లీ వేడి తగిలితే కొమ్ము తన పాత వంపు వైపు తిరగాలని చూస్తుందట. అందుకే పలకను అంటించిన తర్వాత బఫింగ్ చక్రం మీద ఎక్కువసేపు నొక్కి పట్టకూడదన్నారు. జుట్టు కాలిన వాసన వచ్చిందంటే ఆపేయాలి.

నునుపు చేయడం ఆయన పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. ఆకురాయి తర్వాత గాజుపెంకుతో గీకారు. ఆ తర్వాత ఎమరీ కాగితం, చివర మెత్తటి బొగ్గుపొడి, నూనె కలిపిన గుడ్డ. యంత్రం ఏమీ లేదు. నల్ల కొమ్ములోంచి మెరుపు పైకి వచ్చింది. వెలుగుకు పట్టి చూస్తే పలచటి చోట తేనె రంగు కనిపించింది. దానికి వెనక తెల్లటి ఎపాక్సీ పూస్తే ఆ రంగు ఇంకా తేలుతుందేమో అనిపించింది.

పురుగు గురించి కూడా చెప్పారు. కొమ్మును తినే పురుగులు ఉంటాయి, ముఖ్యంగా వాడకుండా డబ్బాలో పడేస్తే. నాఫ్తలీన్ ఉండలు వేసిన సంచిలో ఉంచుకోవాలి. వాడుతూ అప్పుడప్పుడు నూనె తుడిస్తే అంత భయం లేదు.

కొలిమి కొరాపుట్

పచ్చి కొమ్ము సంతలో కొని రుద్దడం మొదలుపెట్టకండి. శుభ్రం చేసి ఉడికించిన కొమ్మే కొనండి. కొమ్ము పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, జంతువుల రోగాల భయం కూడా ఉంది. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. తునికి చెక్క పొడికీ, పట్టు మైకార్టా పొడికీ కూడా ఇదే మాట. మైకార్టా అయితే నీళ్లు పోస్తూ తడి కాగితంతో రుద్దడం ఇంకా మేలు.

సిరొంచ తునికి

కొమ్ముకీ ఇత్తడి రేకుకీ మధ్య ఎర్ర ఫైబర్ షీటు వేయండి. కొమ్ము కదిలినా మధ్యలో అది సర్దుకుంటుంది. పాత చాకుల్లో అలాగే ఉండేది.

గుణుపురం ఫిట్టర్

ఇక్కడ నేను ఒప్పుకోను. ఎర్ర ఫైబర్ స్వయంగా నీటిని పీల్చే వస్తువు, కాగితం నుంచే తయారవుతుంది. గాలి పొడిగా ఉండే చోట అది బాగానే ఉంటుందేమో. మా వైపు వానల్లో కొమ్మూ ఉబ్బి, దాని కింద ఫైబరూ ఉబ్బితే పలక అంచు లేస్తుంది. రంగు గీత కోసమే అయితే సర్క్యూట్ బోర్డులకు వాడే ఎఫ్‌ఆర్4 షీటు వేయమంటాను. గాజునార, ఎపాక్సీ కలిసినది, నీటికి కదలదు, అర మిల్లీమీటరు మందంలో కూడా దొరుకుతుంది.

సిరొంచ తునికి

మా దగ్గర చెక్కల కింద ఫైబర్ వేసినవి బాగానే ఉన్నాయి, కానీ అవి కొమ్ముతో చేసినవి కావు. కొమ్ము విషయంలో మీ మాటే సరైనదనుకుంటా.

బరంపురం పట్టు

కొబ్బరి చిప్ప గురించి ఎవరూ చెప్పలేదు. చిప్ప గట్టిదే, కానీ ఎటు చూసినా వంపే. చాకు పలకంత పొడవు చదును ముక్క రాదు. చిన్న చిన్న పలకలుగా కోసి, ఎఫ్‌ఆర్4 షీటు మీద పక్కపక్కనే అంటించి, సందుల్లో చిప్పపొడి కలిపిన ఎపాక్సీ నింపి రుద్దితే అందంగా వస్తుంది. నాకు చిప్ప ఒక్కదానితోనే పిడి కన్నా, కొమ్ము పలక మధ్యలో చిన్న చిప్ప ముక్క పొదగడం ఎక్కువ నచ్చుతుంది.

రాయగడ కుర్రాడు

చెక్కకు జీడి నూనె పూస్తే నల్లగా, గట్టిగా అవుతుందని విన్నాను. పలాస వైపు జీడిపిక్కల తొక్కల నుంచి తీస్తారు కదా. పిడికి వాడొచ్చా?

కొలిమి కొరాపుట్

పడవలకు, దూలాలకు పూయడానికి బాగుంటుంది. చేత్తో పట్టుకునే వస్తువుకు వద్దు. తొక్క నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లెవరూ అది పిడికి పూయరు. అవిసె నూనె చాలు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పలకలు అంటించడానికి లక్క వాడితే? ఏటికొప్పాక బొమ్మలకు లక్క ఎంత బాగా పడుతుందో చూశాం. మా ఇంట్లో తాతల నాటి కత్తికి కూడా పిడిలో లక్కే ఉంది.

గుణుపురం ఫిట్టర్

ఏటికొప్పాకలో లక్క రంగు కోసం, మెరుపు కోసం. పాత కత్తుల్లో తోక పిడి లోపల లోతుగా దిగి ఉంటుంది, చుట్టూ లక్క పోస్తారు, అది నిలుస్తుంది. నీది పలచటి పలక, పలచటి రేకు. లక్క 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వేసవిలో దానికి దగ్గరగా వేడెక్కుతుంది. ఎపాక్సీ వాడు, పైన రెండు చిన్న పిన్నులు కూడా వెయ్యి. అంటించే ముందు రేకును గరుకు కాగితంతో అడ్డదిడ్డంగా గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఇక వేలు తగలనివ్వకు.

పిన్నుల దగ్గర కొమ్ముతో ఒక చిక్కు ఉంది. రంధ్రం పిన్నుకు సరిగ్గా సరిపోయేలా వేసి సుత్తితో రివిట్ కొడితే, పిన్ను ఉబ్బినప్పుడు కొమ్ము పగులుతుంది. పగులు అప్పుడే కనిపించకపోవచ్చు, వేసవిలో బయటపడుతుంది. కొమ్ములో రంధ్రం పిన్నుకన్నా 0.1 మి.మీ. పెద్దదిగా ఉండాలి. పైన కాస్త ఏటవాలుగా గంటు తీయి. చిన్న గుండ్రటి సుత్తితో, బొమ్మకు కన్ను దిద్దినంత తేలిగ్గా, చుట్టూ తిప్పుతూ కొట్టు.

ధర్మాబాద్ సాన

అన్నలారా, చట్టం మాట ఇంకొకటి. ఆయుధాల నిబంధనల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉంటే అది ఆయుధం కింద వస్తది, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప. మనం మాట్లాడేది 3 అంగుళాల లోపు బ్లేడు. అయినా బటన్ నొక్కితే తెరుచుకునే రకం చేయొద్దు. వాటిమీద వేరే పట్టింపులున్నాయి, పోలీసులు కూడా వేరేగా చూస్తరు. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో పెట్టుకోకండి.

పదును గురించి. ఈఎన్ 31 బ్లేడుకు ఒక్కో వైపు 17, 18 డిగ్రీలు పెడతాను. పండ్లు, తాడు, కొబ్బరి పీచు కోసేవాళ్లకు అది చాలు. మాకు పక్కనే నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉంది. మూసల్లో ఉక్కు కరిగించి ముద్దలు చేసేవారు, ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ ఊరి పక్కన పుట్టి ఉక్కుకు సరైన పదును పెట్టకుండా ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు నాకు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మీ అందరి మాటలూ విన్నాక ఒక నిర్ణయానికి వచ్చాను. బ్లేడు 65 మి.మీ., బేరింగ్ రింగు నుంచి. కమాన్ పట్టీ స్ప్రింగు. 1 మి.మీ. ఇత్తడి లైనర్లు. ముందు భాగంలో కొమ్ముకు బదులు ఇత్తడి ముక్కలు, అంటే బోల్‌స్టర్లు, పివట్ పిన్ను వాటిలోంచే వెళ్తుంది కాబట్టి కొమ్ముకు ఆ బలం తగలదు. పలకలు రెండు వైపులా దున్నకొమ్ము, కింద అర మిల్లీమీటరు ఎఫ్‌ఆర్4. పట్టు మైకార్టాతో రెండో చాకు చేస్తాను. అక్క ఎరుపు, నలుపు పేర్చే పద్ధతి అందులో పెట్టాలని ఉంది.

బోల్‌స్టర్ల కోసం బెల్లగుంఠ వెళ్లి చూస్తాను. అక్కడి ఇత్తడి చేపలు ముక్కముక్కగా కదిలేలా ఎంత సన్నంగా చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఆ చేతులకు 8 మి.మీ. ఇత్తడి ముక్క మీద చేప పొలుసు చెక్కడం కష్టమేమీ కాదు. వాళ్ల పని, మా కొమ్ముపని ఒకే చాకు మీద పక్కపక్కన ఉండాలి. దానికి న్యాయమైన కూలి ఎంతో వాళ్లనే అడిగి ఇస్తాను.

ఒక అనుమానం మిగిలింది. పివట్ రివిట్ బిగించినప్పుడు బ్లేడు కదలకుండా బిగుసుకుపోతుందేమో అన్న టెన్షన్ ఉంది. వదులుగా ఉంచితే అటూ ఇటూ ఊగుతుంది. మధ్యలో ఎక్కడ ఆపాలి?

గుణుపురం ఫిట్టర్

దానికి సులువు మార్గం ఉంది. బ్లేడు తోకనూ స్ప్రింగునూ ఒకే మందానికి రుద్దు. పివట్ రంధ్రాన్ని 2.9 మి.మీ. డ్రిల్లుతో వేసి రంధ్రాన్ని నునుపుగా, సరైన కొలతకు తెచ్చే 3 మి.మీ. రీమర్‌తో పూర్తి చెయ్యి. డ్రిల్లుతోనే 3 వేస్తే రంధ్రం గుండ్రంగా రాదు, ఊగడం అక్కడే మొదలవుతుంది. బిగించే ముందు కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి, మధ్యలో పిన్ను పట్టేలా గాడి చేసి, బ్లేడుకూ లైనరుకూ మధ్య దూర్చు. ఆ రేకు దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. రేకు ఉండగానే పిన్ను రెండు వైపులా కొట్టు, బ్లేడు బిగుసుకునేదాకా. తర్వాత రేకును లాగేస్తే ఆ సందు మిగులుతుంది. ఒక చుక్క నూనె వేసి, బ్లేడును యాభై, వందసార్లు తెరిచి మూస్తే సర్దుకుంటుంది. అప్పటికీ బిగుతుగా ఉంటే చెక్కముక్క మీద పెట్టి పిన్ను తల మీద ఒక్క తేలిక దెబ్బ, అవతలి వైపు నుంచి. ఊగితే మొదటి వైపు నుంచి ఇంకో దెబ్బ.

రీమర్ పర్లాకిమిడిలో దొరకకపోతే నా దగ్గర ఒకటి ఉంది. గుణుపురం రైలెక్కి వచ్చెయ్యి, ఆ రంధ్రం మా వైసులోనే వేద్దాం. కొమ్ము పలకలు కూడా తెచ్చుకో, వాటి పిన్నులు ఇద్దరం కలిసి కొడదాం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తప్పకుండా వస్తానండి. బేరింగ్ రింగు విరగ్గొట్టి చూశాను, కొరాపుట్ గారు చెప్పినట్టే మెత్తటి బూడిదరంగు కనిపించింది. స్ప్రింగు పాయనం పెట్టాక, ఒట్టి చాకు పలికాక బయలుదేరతాను.